‘ఒకేసారి’ అన్న ఒక్క మాట

పేటెంట్ ఆఫీసు నుంచి ఎఫ్‌ఈఆర్ చేతికొచ్చిన రోజు నేను చేసిన మొదటి పని ఎగ్జామినర్‌ని తిట్టుకోవడం. రెండో పని కిందకెళ్లి టీ తాగొచ్చి మళ్లీ తిట్టుకోవడం. నేను రాసిన క్లెయిమ్‌ని, అంటే పేటెంట్‌లో ఇది మాది అని కోరే భాగాన్ని, నేనే ఇంకోసారి చదువుకోవడం అనే మూడో పని మాత్రం మా ఆఫీసు మేడమ్ కూర్చోబెట్టి చదివిస్తే తప్ప చేయలేదు.

ఈ గొడవ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పేటెంట్‌కి అప్లికేషన్ వేశాక అది దానంతట అది పరీక్షకు రాదు, ఫామ్ 18 వేసి అడగాలి. అప్పుడు ఎగ్జామినర్ చదివి, ప్రపంచంలో ఇంతకుముందు ఎవరైనా ఇలాంటిది చెప్పారేమో వెతికి, దొరికినవాటికి డీ1, డీ2 అని పేర్లు పెట్టి, మీదాంట్లో కొత్తేముంది అని ఒక రిపోర్ట్ పంపిస్తారు. అదే ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్ట్, మా భాషలో ఎఫ్‌ఈఆర్. జవాబుకి ఆరు నెలలు టైముంటుంది, అడిగితే ఇంకో మూడు. మా క్లయింట్లు ఫామ్ 18ని చివరి నెల దాకా లాగారు, డబ్బుల్లేక. అప్పట్లో 48 నెలల గడువుండేది కాబట్టి సరిపోయింది. 2024 మార్చిలో రూల్స్ మారాక వేసిన అప్లికేషన్లకు 31 నెలలే, ఇప్పుడు వేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

క్లయింట్లంటే పెద్ద కంపెనీ కాదు. ఇంజినీరింగ్ అయిపోయిన ఇద్దరు కుర్రాళ్లు, వాళ్లకి గైడ్‌గా ఉన్న ఒక ప్రొఫెసర్ గారు. వాళ్లు చేసింది రెండు చిన్న పరికరాలు మధ్యలో టవర్ లేకుండా నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి, అదీ ఫుల్ డూప్లెక్స్‌లో. అంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒకే సమయంలో, రెండూ పంపుతూ ఉంటాయి, రెండూ వింటూ ఉంటాయి.

వినడానికి ఇందులో ఏముంది అనిపిస్తుంది. మనుషులం ఇద్దరం ఒకేసారి మాట్లాడుకోమా, ముఖ్యంగా మా ఇంట్లో అందరం అలాగే మాట్లాడతాం. రేడియోకి మాత్రం అది చాలా కష్టం. పెళ్లి ఊరేగింపులో బ్యాండ్ వాయించేవాడు, డప్పు ఆపకుండానే, వీధి చివర నిలబడ్డ వాళ్లావిడ గొంతు తగ్గించి చెప్పే మాట వినాలనుకోండి. డప్పు తన చేతిలోనే ఉంది, మాట ఎక్కడినుంచో వస్తోంది. లెక్కల్లో చెప్పాలంటే, వైఫై పరికరం దాదాపు 20 డీబీఎం పవర్‌తో పంపుతుంది, అంటే 100 మిల్లీవాట్లు. దాని రిసీవర్‌లో ఉండే సహజమైన గుసగుస స్థాయి మైనస్ 90 డీబీఎం దగ్గర ఉంటుంది. ఈ రెంటికీ తేడా 110 డెసిబెల్స్, మన లెక్కలో పదివేల కోట్ల రెట్లు. పరికరం తన సొంత గొంతుని తన చెవిలో అంత మేరకు తగ్గించుకోగలిగితేనే అవతలివాడి మాట వినపడుతుంది. ఆ సొంత గొంతు చేసే గోలనే సెల్ఫ్ ఇంటర్‌ఫియరెన్స్ అంటారు.

ఇక్కడే చాలామంది అడుగుతారు, పంపేది మనమే కదా, ఏం పంపుతున్నామో మనకు తెలుసు కదా, తీసేస్తే పోలా అని. నేనూ మొదట అదే అడిగాను, కుర్రాళ్లు నవ్వారు. మనకు తెలిసింది డిజిటల్‌లో ఉన్న అంకెలు. యాంటెన్నా దగ్గరికొచ్చేసరికి పవర్ యాంప్లిఫయర్ దాన్ని కాస్త వంకర చేస్తుంది, తన సొంత నాయిస్ కలుపుతుంది, గోడలకి తగిలి తిరిగొచ్చే ప్రతిబింబాలు కలుస్తాయి. పైగా రిసీవర్‌లో సిగ్నల్‌ని అంకెలుగా మార్చే ఏడీసీ 12 బిట్లదైతే సిద్ధాంతం ప్రకారమే దాని పరిధి 74 డెసిబెల్స్, అసలు సర్క్యూట్‌లో ఇంకా తక్కువ. సొంత డప్పు మోతతోనే అది నిండిపోతే అవతలి గుసగుసకి అందులో చోటుండదు. అందుకని కొంత యాంటెన్నా దగ్గర, కొంత అనలాగ్ సర్క్యూట్‌లో తగ్గించి, మిగిలింది డిజిటల్‌లో తీసేయాలి. ఒక్క మెట్టు వదిలేసినా పని జరగదు.

2010లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు దీన్ని మూడు యాంటెన్నాలతో చేసి చూపించారు. పంపే యాంటెన్నాలు రెండింటిని, వినే యాంటెన్నా నుంచి సగం తరంగదైర్ఘ్యం తేడా ఉండేట్టు పెడితే రెండు అలలు అక్కడ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర సగమంటే ఆరు సెంటీమీటర్ల చిల్లర. 2013లో అదే యూనివర్సిటీ నుంచి భరాడియా, మెక్‌మిలిన్, కట్టి కలిసి ఒకే యాంటెన్నాతో ఆ 110 డెసిబెల్స్ మొత్తం సాధించామని పేపర్ వేశారు, వైఫైలో 80 మెగాహెర్ట్జ్ వెడల్పు మీద, వేగం దాదాపు 1.87 రెట్లు. దీనికి కాస్త ముందే, 2012లో, కుము నెట్‌వర్క్స్ అనే కంపెనీ కూడా పుట్టింది. ఈ రంగంలో ఎవరు అప్లికేషన్ వేసినా వీళ్ల నీడ మీద పడకుండా ఉండదు, నేను కూడా డీ1 వీళ్లదే అవుతుందని గట్టిగా అనుకుని, జవాబు మనసులో ముందే రాసి పెట్టుకున్నాను.

డీ1 వీళ్లది కాదు. ఎప్పటిదో పాత డాక్యుమెంట్, దగ్గరదగ్గరగా ఉన్న రెండు చిన్న పరికరాలు స్లాట్ల వారీగా, అంటే చిన్న చిన్న కాలపు ముక్కల్లో, వంతులేసుకుని మాట్లాడుకునేది. బ్లూటూత్ తరహా. సెల్ఫ్ ఇంటర్‌ఫియరెన్స్ అనే మాటే అందులో లేదు. క్లెయిమ్ 1కి నావెల్టీ, అంటే కొత్తదనం, లేదు, డీ1లో ప్రతి అంశమూ ఉంది, అని ఎగ్జామినర్ పట్టిక గీసి మరీ చూపించారు.

నాకు ఒళ్లు మండింది. వంతులేసుకుని మాట్లాడేది ఫుల్ డూప్లెక్స్ ఎలా అవుతుంది? ఈసీఈ చదివిన మూడో సంవత్సరం పిల్లవాడు కూడా చెప్తాడు. ఆ ఊపులోనే జవాబు టైప్ చేసి, గౌరవనీయ ఎగ్జామినర్ వారు సాంకేతిక విషయాన్ని పూర్తిగా అపార్థం చేసుకున్నారు అని మొదలుపెట్టి, మేడమ్‌కి చూపించాను.

మేడమ్ జవాబు చదవలేదు. "నీ క్లెయిమ్ పైకి చదువు" అన్నారు.

చదివాను. మొదటి పరికరానికి, రెండో పరికరానికి మధ్య ఫుల్ డూప్లెక్స్ వైర్‌లెస్ కమ్యూనికేషన్ పద్ధతి. ఇందులో మొదటి పరికరం పంపడం, స్వీకరించడం ఒకేసారి చేస్తుంది. తనకు కలిగే ఇంటర్‌ఫియరెన్స్‌ని కొలుస్తుంది. ఆ కొలతని రెండో పరికరానికి తెలియజేస్తుంది. రెండో పరికరం దాన్నిబట్టి తన పంపే తీరుని మార్చుకుంటుంది.

"ఒకేసారి అంటే?"

"ఒకే టైములో మేడమ్."

"ఎంత టైములో? సెకనులోనా, మిల్లీసెకనులోనా? బ్లూటూత్‌లో స్లాట్ 625 మైక్రోసెకన్లు. సెకనుకి 1600 సార్లు అటూ ఇటూ మారుతుంటే వాడేవాడికి అది ఒకేసారి కాదా? ఫ్రీక్వెన్సీ ఒకటే అని ఎక్కడ రాశావు?"

రాయలేదు. నిజంగా రాయలేదు. అక్కడితో నా తిట్లు ఆగిపోయాయి.

అసలు చిక్కంతా ఫుల్ డూప్లెక్స్ అనే పేరులోనే ఉంది. ఈ కుర్రాళ్ల ల్యాబ్‌లో ఆ మాటకి ఒకే ఫ్రీక్వెన్సీ, ఒకే సమయం అని తప్ప ఇంకో అర్థం లేదు. పేటెంట్ ఆఫీసులో ఉన్న పాత కాగితాలకి ఆ అర్థం తెలియదు. మీ చేతిలో ఉన్న 4జీ ఫోను 1800 బ్యాండ్‌లో పంపేదొక ఫ్రీక్వెన్సీ, వినేది దానికి 95 మెగాహెర్ట్జ్ ఎడంగా ఇంకో ఫ్రీక్వెన్సీ. ఏళ్ల తరబడి పుస్తకాలన్నీ దాన్ని ఫుల్ డూప్లెక్స్ అనే పిలుస్తున్నాయి, తప్పు కూడా కాదు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు కదా. బ్లూటూత్ స్పెసిఫికేషన్ అయితే ఫుల్ డూప్లెక్స్ కోసమే టైం డివిజన్ డూప్లెక్స్, అంటే వంతులేసుకునే పద్ధతి, వాడుతున్నామని రాసుకుంది. మనకు నవ్వొస్తుంది కానీ కాగితం మీద అది ఉంది, మనకంటే ముందే ఉంది. వాకీటాకీలో ఓవర్ అని చెప్పి బటన్ వదిలేస్తాం చూడండి, అది కానిదంతా వాళ్ల దృష్టిలో ఫుల్ డూప్లెక్సే.

కొలత సంగతీ అంతే. నేను ఇంటర్‌ఫియరెన్స్ అని ఊరుకున్నాను, సెల్ఫ్ అనలేదు, తగ్గించుకోగా మిగిలిన ముక్క అని అంతకన్నా అనలేదు. బ్లూటూత్ పరికరాలు సిగ్నల్ ఎలా ఉందో కొలిచి, పవర్ పెంచు, పవర్ తగ్గించు అని అవతలిదానికి చెప్పడం మామూలే. పట్టికలో ప్రతి గడీ నిండింది. ఎగ్జామినర్ చేసింది వాళ్ల పని. క్లెయిమ్‌ని వీలైనంత వెడల్పుగా చదవడమే వాళ్ల పని, వెడల్పుగా రాసింది నేను. అప్పట్లో గర్వంగా కూడా అనుకున్నాను, ఎంత విశాలంగా రాశానో, రేపు ఎవడు ఏం చేసినా ఇందులో పడతాడు అని. మనమే పడ్డాం.

వెతికే పని నేనూ కొన్నేళ్లు చేశాను కాబట్టి ఎగ్జామినర్ ఎలా వెళ్లి ఉంటారో ఊహించగలను. పేటెంట్లకు లైబ్రరీల్లో లాగా వర్గీకరణ సంకేతాలుంటాయి. డూప్లెక్స్‌కి హెచ్04ఎల్ 5/14. పంపే సిగ్నల్ రిసీవర్‌లోకి కారకుండా చేసే సర్క్యూట్లకి హెచ్04బి 1/525. పరికరాలు నేరుగా మాట్లాడుకోవడానికి హెచ్04డబ్ల్యూ 76/14. మూడో దాంట్లోకి వెళ్లి పాత తేదీలతో వెతికితే బ్లూటూత్ కాలపు కాగితాలు కుప్పలుగా వస్తాయి. నా క్లెయిమ్‌లో రెండో సంకేతం వైపు చూడమని చెప్పే మాట ఒక్కటీ లేదు, పాపం ఆ మనిషి అటు ఎందుకు చూస్తారు?

అయినా సొంత సిగ్నల్ తీసేసే వైపు చూశారు కూడా, అది డీ2. ఇన్వెంటివ్ స్టెప్, అంటే తెలిసినదాన్నుంచి తేలిగ్గా తట్టని ముందడుగు, లేదనడానికి టెలిఫోన్ ఎకో క్యాన్సెలర్ తెచ్చారు. ఇది మాత్రం తెలివైన ఎత్తు, ఒప్పుకోవాలి. ల్యాండ్‌లైన్‌లో మన గొంతు అవతలి చివర తగిలి మనకే తిరిగి వినపడేది, దాన్ని అంచనా వేసి తీసేసే పని బెల్ ల్యాబ్స్ వాళ్లు 1960ల్లోనే మొదలుపెట్టారు. సొంత గొంతుని లెక్కగట్టి తీసేయడం అనే ఆలోచన అక్కడే ఉంది. రేడియోకి తెచ్చి పెట్టడంలో గొప్పేముంది అని ప్రశ్న. దీనికి మా దగ్గర జవాబుంది: ఫోన్‌లో గొంతు నాలుగు కిలోహెర్ట్జ్ లోపు, ఇక్కడ పదుల మెగాహెర్ట్జ్, అక్కడ ఒకే మెట్టులో అంకెల్లో తీసేస్తే సరి, ఇక్కడ యాంప్లిఫయర్ వంకరా నాయిసూ అంకెల్లో కనపడవు, అక్కడ తీగ కదలదు, ఇక్కడ పరికరం మీద చెయ్యి పెడితే ప్రతిబింబాలన్నీ మారిపోతాయి. ఇవన్నీ నిజాలే. కానీ క్లెయిమ్‌లో లేని నిజాలు జవాబులో ఎన్ని రాసినా ఉపయోగం ఉండదు, అది ఈ వృత్తిలో మొదటి నెలలో నేర్పే పాఠం, నాకు ఇన్నేళ్ల తర్వాత మళ్లీ నేర్పారు.

మూడోది సెక్షన్ 3(కె). ఇది రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. గణిత పద్ధతి, అల్గారిదం, కంప్యూటర్ ప్రోగ్రామ్ పర్ సే (అంటే ఉత్త ప్రోగ్రామ్), వీటికి మన చట్టంలో పేటెంట్ లేదు. గుణకాలు అంచనా వేసి తీసేయడం అని రాస్తే అది అల్గారిదంలా కనపడక ఏమవుతుంది. 2019లో ఢిల్లీ హైకోర్టు ఫెరిద్ అల్లానీ కేసులో, సాంకేతిక ఫలితం ఉంటే ప్రోగ్రామ్ మీద ఆధారపడినంత మాత్రాన తోసేయకూడదని చెప్పాక ఈ అభ్యంతరానికి జవాబు చెప్పడం కాస్త తేలికైంది. రిసీవర్ చెవుడు పోతోంది కదా, అంతకంటే సాంకేతిక ఫలితం ఏం కావాలి. దీని గురించి ఎక్కువ టెన్షన్ పడలేదు.

టెన్షన్ పెట్టింది సెక్షన్ 59. ఒకసారి అప్లికేషన్ వేశాక క్లెయిమ్‌ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. స్పెసిఫికేషన్‌లో, అంటే అప్లికేషన్‌తో ఇచ్చిన పూర్తి వివరణలో, ముందే చెప్పినదాన్నే తేవాలి, అదీ మొదటి క్లెయిమ్ పరిధి దాటకుండా, అంటే కుదించుకోవచ్చు కానీ కొత్తది చేర్చకూడదు. కాబట్టి ‘ఒకే ఫ్రీక్వెన్సీ మీద’ అని క్లెయిమ్‌లో చేర్చాలంటే ఆ మాట స్పెసిఫికేషన్‌లో ఎక్కడో ఒకచోట ఉండాలి. 34 పేజీలు తిరగేశాను. యాంటెన్నా గురించి ఉంది, సర్క్యులేటర్ గురించి ఉంది, పరికరం డబ్బా ఏ ప్లాస్టిక్‌తో చేశారో కూడా ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీ అని మాత్రం లేదు. రాత్రి పదింటికి కుర్రాళ్లలో ఒకడికి ఫోన్ చేశాను.

"అది కూడా చెప్పాలా అన్నా? ఫుల్ డూప్లెక్స్ అంటేనే అది కదా."

వాడినేం అనను. ఆ డ్రాఫ్టు నాకిచ్చినప్పుడు నేనడగాల్సిన ప్రశ్న అది. బాగా తెలిసినవాడు తనకు బాగా తెలిసిందాన్ని రాయడు, వాడి చేత రాయించడానికే మాకు ఫీజు ఇస్తారు.

మర్నాడు వాడే దొరకబుచ్చుకున్నాడు. చివర్లో పరీక్ష ఏర్పాటు వివరించే పట్టిక ఒకటుంది, అందులో మొదటి పరికరం సెంటర్ ఫ్రీక్వెన్సీ 2.45 గిగాహెర్ట్జ్, రెండో పరికరం సెంటర్ ఫ్రీక్వెన్సీ 2.45 గిగాహెర్ట్జ్ అని ఉంది. దాని పక్క బొమ్మలో రెండు సిగ్నళ్లూ కాలరేఖ మీద ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు గీసి ఉంది. ఆ పట్టికని డ్రాఫ్టింగ్ అప్పుడు అనవసరం, తీసేద్దాం అని నేనే అన్నాను. ప్రొఫెసర్ గారు ఉండనివ్వండి అన్నారు కాబట్టి ఉంది. ఆయనకి ఇంతవరకూ ఈ సంగతి చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది, సార్ దండాలు.

(ఆయన మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది, చెల్లుకి చెల్లు. అప్లికేషన్ వేయకముందే కాన్ఫరెన్స్ పేపర్ పంపేశారు. అది బయటికి రావడానికి నాలుగు రోజుల ముందు పరుగెత్తి ఫైల్ చేశాం. అమెరికాలో అయితే సొంత ప్రచురణకి ఏడాది వెసులుబాటుంది, మన దగ్గర ఆ మినహాయింపు చాలా ఇరుకు. పేపర్ ముందా పేటెంట్ ముందా అని అడిగే పిల్లలందరికీ ఒకటే చెప్తాను, ముందు ఫైల్ చేసి తర్వాత ఎక్కడైనా చదువుకోండి.)

ఆ పట్టిక ఆధారంగా క్లెయిమ్‌ని కుదించి జవాబు పంపాం. కొన్ని నెలలకి హియరింగ్ నోటీసు వచ్చింది, వీడియోలో. డీ1 అడ్డం తొలగింది, డీ2 మిగిలింది. కంట్రోలర్ గారు, అంటే పేటెంట్ ఇవ్వాలో వద్దో తేల్చే అధికారి, నెమ్మదిగా మాట్లాడే మనిషి, మా జవాబు మొత్తం చదివి వచ్చినట్టు రెండో నిమిషంలోనే తెలిసిపోయింది. నేను మెగాహెర్ట్జ్, నాయిస్ అని మొదలుపెట్టేసరికి ఆపి, ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: తగ్గించుకోగా మిగిలిన సొంత సిగ్నల్‌ని కొలుస్తామంటున్నారు, అదే సమయంలో అవతలి పరికరం కూడా అదే ఫ్రీక్వెన్సీ మీద పంపుతోంది, మరి ఏది మీ మిగులు, ఏది అవతలివాడి మాట, ఎలా విడదీస్తారు?

నేను తెల్లమొహం వేశాను. కుర్రాడు మైకు ఆన్ చేసుకున్నాడు. "అవతలిదాన్ని ఆపమంటాం సార్" అన్నాడు. ఒక చిన్న మెసేజ్ పంపి, కాసేపు పంపకుండా ఉండు అని అడుగుతాం, అది మౌనంగా ఉన్నంతసేపు మన మిగులు కొలుచుకుంటాం, తర్వాత అది కొలుచుకునేటప్పుడు మనం ఊరుకుంటాం, ఎవరి మిగులు ఎంతో ఇద్దరికీ తెలిశాక, మిగులు ఎక్కువైతే ఇద్దరం కలిసి వంతులేసుకునే పద్ధతికి మారిపోతాం. పేరా నంబరు కూడా చెప్పాడు. నిజమే, ఉంది, పేజీన్నర ఉంది, క్లెయిమ్ 7లో కూడా ఉంది. నేను దాన్ని చిన్న అమరిక కింద లెక్కేసి వెనక్కి తోశాను.

కంట్రోలర్ గారు కాస్త ఆగి, ఎకో క్యాన్సెలర్లలో డబుల్ టాక్ అని ఉంటుంది కదా, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు అంచనా ఆపేసి, అవతలివాడు ఊరుకున్నప్పుడు నేర్చుకుంటుంది, డీ2లోనూ ఉంది, మీది దానికంటే ఏ విధంగా వేరు అన్నారు. కుర్రాడు వెంటనే, అది ఎవరో ఊరుకునేదాకా కాచుకుని కూర్చుంటుంది సార్, మాది అడుగుతుంది, అన్నాడు. రెండు పరికరాల మధ్య ఒప్పందం ఉంటుంది, ఫోన్ లైన్‌లో ఆ ఒప్పందం లేదు.

అది చాలో చాలదో ఆయన చెప్పలేదు. రాతపూర్వకంగా ఇవ్వండి, క్లెయిమ్ 1లో ఆ భాగం పెట్టి ఇవ్వండి, అన్నారు. హియరింగ్ తర్వాత రాతపూర్వక వాదనలకి 15 రోజులు.

ఈరోజు పదో రోజు. క్లెయిమ్ 1 ఇప్పుడు తొమ్మిది వరసలైంది, మొదట్లో రాసిన ‘విశాలమైన’ క్లెయిమ్‌కి మూడింతలు. ‘ఒకేసారి’ తీసేసి ‘ఒకే క్యారియర్ ఫ్రీక్వెన్సీ మీద, కనీసం కొంతమేరకు ఒకదానిమీద ఒకటి పడే కాలవ్యవధుల్లో’ అని పెట్టాను. ‘మౌన వ్యవధి కోరుతూ’ అనే ముక్క రాసి మేడమ్‌కి పంపితే, ‘మౌన’ అంటే అసలు ఏమీ పంపకపోవడమా, తక్కువ పవర్‌తో పంపడమా అని పక్కన ఎర్ర సిరాతో రాసి వెనక్కి పంపించారు. కుర్రాడికి మళ్లీ ఫోన్ చేయాలి.